పదహారు వందల మీటర్ల చోటు

దోమలగూడలో పరిగెత్తేవాళ్లకి ఒక టైమ్ టేబుల్ ఉంటుంది. ఎక్కడా రాసి లేదు కానీ నెల రోజులు పరిగెత్తితే ఎవరికైనా కంఠస్థం అయిపోతుంది. తెల్లవారుజామున నాలుగున్నర దాకా వీధులు కుక్కలవి. అక్కణ్ణుంచి ఐదుంపావు వరకు పాల బండ్లవి, పేపర్ కట్టలు విడదీసే కుర్రాళ్లవి, బోయినపల్లి నుంచి చిక్కడపల్లి మార్కెట్‌కి కూరగాయలు మోసుకొచ్చే ఆటోలవి. ఐదుంపావు నుంచి ఆరున్నర వరకు మనవి. ఆరున్నర దాటితే స్కూలు బస్సులు మొదలు. ఆ తర్వాత రోడ్డు మీద ఎవరైనా పరిగెడుతుంటే, పాపం బస్సు తప్పిపోయిందేమో అనుకుంటారు తప్ప ఇంకో ఆలోచన రాదు.

ఈ గంటంపావు కోసమే ఆరేళ్లుగా రాత్రి పదింటికల్లా పడుకుంటున్నాను. సినిమాలకి సబ్‌టైటిల్స్ రాసే పని నాది. పగలంతా కుర్చీలోనే. నడుం నొప్పికని మొదలుపెట్టిన పరుగు, నొప్పి పోయాక కూడా పోలేదు. రామకృష్ణ మఠం వెనక సందుల్లో ఒక మూడో అంతస్తులో ఉంటాం. కిటికీలోంచి ఇందిరాపార్కు చెట్ల కొసలు కనపడతాయి. మా పేటలోనే ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉంది. రాష్ట్రంలో ఏ మూల బడిలోనైనా విజిలేసి పిల్లల్ని గ్రౌండ్ చుట్టూ తిప్పిన డ్రిల్లు మాస్టార్లలో చాలామంది దోమలగూడలో చదివినవాళ్లే. అలాంటి పేటలో పరిగెత్తడానికి రూట్ వెతుక్కోవాల్సి రావడమే ఒక తమాషా.

నాకు మూడు రూట్లున్నాయి. చిన్నది, మధ్యది, పెద్దది.

చిన్నది ఇందిరాపార్కు. 1978లో తెరిచిన పార్కు, 76 ఎకరాలు. కుక్కలుండవు, బండ్లుండవు, చెట్లుంటాయి. కానీ పరిగెత్తేవాళ్ల పార్కు కాదది, నడిచేవాళ్ల పార్కు. నలుగురు రిటైరైన పెద్దమనుషులు వరసగా, చేతులూపుకుంటూ, పెన్షన్ల గురించి మాట్లాడుకుంటూ నడుస్తుంటే ట్రాక్ వాళ్లదే. 'ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్' అని ఒక రౌండులో పదిసార్లు అనాలి. పక్కకి జరుగుతూ ఒకాయన రోజూ నాకో సలహా ఇస్తాడు: "మోకాళ్లు జాగ్రత్తమ్మా." ఎవరు ఈ పార్కుకి రావచ్చు అన్న ప్రశ్న అక్కడ ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. 2021 ఆగస్టులో, పెళ్లికాని జంటలకి ప్రవేశం లేదంటూ గేటు దగ్గర ఒక బ్యానరు వెలిసింది. జనం ఏకిపారేస్తే తీసేశారు.

పార్కు పక్క రోడ్డే ధర్నాచౌక్. 2017లో దాన్ని అక్కణ్ణుంచి ఎత్తేసి ఊరి బయటికి పంపాలనుకున్నప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, చుట్టుపక్కల ఉండేవాళ్లకీ పొద్దున నడవడానికి వచ్చేవాళ్లకీ ఇబ్బందవుతోందని. ఆ ఏడాది మే 15న చౌక్ ఉండాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ అక్కడే ఎదురుపడ్డారు, గొడవైంది. వద్దన్నవాళ్లలో మఫ్టీ పోలీసులూ ఉన్నారని పత్రికలు రాశాయి. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ ధర్నాలకి మళ్లీ దారిచ్చింది. ఇప్పుడు ఆ రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు నిన్నటి టెంటు కర్రలు, చినిగిన ఫ్లెక్సీ, తాగిపడేసిన నీళ్ల ప్యాకెట్లు కాళ్లకి తగులుతుంటాయి. అంగన్‌వాడీ టీచర్లో, కాంట్రాక్టు లెక్చరర్లో, ఎవరో ఒకరు రోజంతా ఎండలో కూర్చుని వెళ్లిన గుర్తులు. పొద్దున్నే అక్కడ తిరిగే మనిషిగా చెప్తున్నాను, వాటి వల్ల నాకు ఇబ్బందేమీ లేదు. నన్నెవరూ అడగలేదనుకోండి.

మధ్య రూటు మార్కెట్ రూటు. అశోక్‌నగర్ మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, హిమాయత్‌నగర్, మళ్లీ ఇల్లు. నాకు ఇష్టమైనది ఇదే. కొత్తిమీర కట్టల మీద నీళ్లు చల్లే వేళకి మార్కెట్ దగ్గర ఉంటాను. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల ముందు కటౌట్లకి రాత్రి వేసిన దండలు వాడి వేలాడుతుంటాయి. బెనిఫిట్ షోలు ఉన్న రోజుల్లో, పెద్ద హీరో సినిమా రిలీజైతే ఆ వేళకే జనం రోడ్డంతా నిండి ఉండేవాళ్లు, రంగు కాగితాలు చీలమండల దాకా వచ్చేవి. అలాంటి శుక్రవారాలు ఈ రూట్ క్యాన్సిల్. గాలి బాగ్‌లింగంపల్లి వైపు నుంచి వీస్తే ఆజమాబాద్ వీఎస్‌టీ ఫ్యాక్టరీ పొగాకు వాసన వస్తుంది, చార్మినార్ సిగరెట్లు పుట్టింది ఆ కంపెనీలోనే. ఊపిరితిత్తుల బాగు కోసం పరిగెత్తే మనిషికి దారి పొడుగునా పొగాకు వాసన.

ఈ రూట్లోనే నాకు తెలిసొచ్చిన ఇంకో సంగతి, దోమలగూడ పల్లంలో ఉందని. బండి మీద వెళ్తే తెలీదు, కాళ్లకి తెలుస్తుంది. హిమాయత్‌నగర్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు అడుగు దానంతటదే పొడుగవుతుంది, పోయేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. హుస్సేన్‌సాగర్ అలుగు పారితే ఆ నీళ్లు మూసీకి వెళ్లే నాలా మా పేట పక్కనుంచీ అశోక్‌నగర్ పక్కనుంచీ నల్లకుంట, గోల్నాకల వైపు పోతుంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు దోమలగూడ, అశోక్‌నగర్ మునిగిపోయాయి. మా అపార్ట్‌మెంటు కింద గోడకి ఆ నీటి మట్టం గుర్తు చాలా ఏళ్లు ఉండేదని వాచ్‌మన్ చెప్తాడు. నేను రొప్పుతూ ఎక్కే ప్రతి ఎత్తూ ఆ రోజు నీళ్లు దిగొచ్చిన దారే. అంటే ఈ పేటలో చదునైన నేల అన్నది చాలా అరుదు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్ద రూటు సాగర్ చుట్టూ. ట్యాంక్‌బండ్ ఎక్కి, సంజీవయ్య పార్కు దాటి, నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ మార్గ్ చుట్టి వస్తే మా ఇంటి నుంచి మా ఇంటికి దాదాపు పదకొండు కిలోమీటర్లు. ఆదివారాలు మాత్రమే. ఆగస్టు నెలాఖర్లో హైదరాబాద్ మారథాన్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలవుతుంది. దానికి ముందు రెండు నెలలు నెక్లెస్ రోడ్డు మీద ఖరీదైన బూట్ల సంత. నావీ అందులో ఉంటాయి.

ఇంతవరకూ ఇవి నా రూట్లు. 2022లో మా చిన్నమ్మ కొడుకు వచ్చి ఒక ప్రశ్న అడిగేవరకు.

వాళ్లది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర ఊరు. డిగ్రీ అయిపోయి అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఉండేవాడు. ఒక గదిలో ఆరుగురు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు కోసం పొద్దున్నే వెళ్లి లైన్లో బ్యాగు పెట్టేవాడు, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, రాత్రి రీడింగ్ రూమ్. ఆ ఏడాది ఏప్రిల్లో పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్లు పడ్డాయి. ఆగస్టు 28న కానిస్టేబుల్ ప్రిలిమ్స్ రాశాడు. ఆ రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి, కీ చూసుకుని, పాసవుతానని నమ్మకం కుదిరాక అడిగాడు.

"అక్కా, నువ్వు రోజూ ఉరుకుతవు గదా. ఈడ పదహారు వందల మీటర్లు సాఫుగ ఉరికే జాగ ఏడుంది?"

అంతకుముందు దేహదారుఢ్య పరీక్షల్లో మగవాళ్లకి వంద మీటర్లు, ఎనిమిది వందల మీటర్లు, హైజంప్ లాంటివన్నీ ఉండేవి. ఈసారి మార్చారు. లాంగ్‌జంప్, షాట్‌పుట్, వాటికన్నా ముందు 1600 మీటర్ల పరుగు. 7 నిమిషాల 15 సెకన్లలో. ఆడపిల్లలకి 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లలో. పరుగులో తప్పితే మిగతావాటికి రానివ్వరు. కాలికో చిప్పు కట్టి టైము లెక్కపెడతారు, బతిమాలడాలు ఉండవు.

"ఒక్క సెకను ఎక్కువైనా ఇంటికే అక్కా. గంతే."

లెక్క వేసి చూశాను. కిలోమీటరుకి 4 నిమిషాల 32 సెకన్లు. ఆరేళ్లుగా పరిగెత్తుతున్న నా వేగం ఆరున్నర నిమిషాలు. ఆడవాళ్ల 800 అయితే నేను దాటేస్తాను, వాడి 1600కి వాడి పక్కన పరిగెత్తలేను. నా మూడు రూట్లలోనూ ఆగకుండా, పక్కకి తప్పుకోకుండా, ఎత్తుపల్లాలు లేకుండా 1600 మీటర్లు ఎక్కడున్నాయో ఆలోచించాను. చెప్పలేకపోయాను. నా పరుగుకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఆవు అడ్డమొస్తే ఆగుతాను, వాచీలో పాజ్ నొక్కుతాను, అది వెళ్లాక మళ్లీ నొక్కుతాను. వాడి గడియారానికి పాజ్ లేదు.

ఆ సెప్టెంబరంతా ఇద్దరం చోటు వెతికాం. ఇందిరాపార్కులో మలుపులెక్కువ, పెన్షన్ల వరసలెక్కువ. సుందరయ్య పార్కు చిన్నది, అక్కడ 1600 అంటే తల తిరుగుతుంది. అశోక్‌నగర్ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ రోడ్డు స్టీల్ బ్రిడ్జి కోసం తవ్వేసి ఉంది. రేకుల మధ్య నుంచి ఒక్కొక్కళ్లుగా నడవాల్సిందే, పరుగా? నారాయణగూడ వైపు ఎత్తు. ఇంకా దూరం పోదామంటే వాడి రోజు లెక్క కుదరదు. ఆరింటికల్లా లైబ్రరీ లైన్లో ఉండాలి, లేకపోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే ఆ రోజు చదువు పోతుంది.

అక్టోబరు 21న ఫలితాలొచ్చాయి, పాసయ్యాడు. మూడు రోజుల్లో దీపావళి. చిన్నమ్మ రమ్మంటే నేనూ వాడితోపాటు ఊరెళ్లాను. మర్నాడు తెల్లారి నన్ను లేపి, "దా అక్కా, జాగ జూపిస్త" అని తీసుకెళ్లాడు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట. కాలువ నిండుగా పోతోంది. కట్ట మీద మట్టి దారి, కనుచూపు మేర తిన్నగా. రెండు వైపులా వరి, కోతకొచ్చే ముందు రంగు. ఆ దారిలో మేము నలభై నిమిషాలున్నాం. ఎదురొచ్చింది ఒక సైకిలు, రెండు బర్రెలు. నా వాచీ ఆ పొద్దున చూపించిన వేగం హైదరాబాద్‌లో ఎప్పుడూ చూపించలేదు. మట్టి కాలి కింద మెత్తగా దిగుతుంటే, తారు రోడ్డు మీద ఆరేళ్లుగా నా మోకాళ్లు ఏం మోస్తున్నాయో అర్థమైంది. పార్కు అంకుల్ గుర్తొచ్చాడు. తిరిగొస్తుంటే కాలువ మెట్ల దగ్గర బిందె ముంచుతున్న ఒక పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏం బిడ్డా, ఎవలన్న ఎంటబడ్డరా?" అని అడిగింది. లేదు పెద్దమ్మా అన్నాను. "మరెందుకు ఉరుకుడు?" నేను జవాబు వెతుక్కునేలోపు వాడే చెప్పేశాడు: "పట్నపోళ్లు గట్లనే ఉరుకుతరు పెద్దమ్మా. నేనంటే నౌకరి కోసం." ఆమెకి వాడి మాట వెంటనే అర్థమైంది. నాది అయినట్టు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం పూర్ణాలు తింటూ అడిగాను, పరీక్ష దాకా ఇక్కడే ఉండి ప్రాక్టీసు చేసుకోవచ్చు కదా అని. ప్లేటులోంచి తల ఎత్తకుండా చెప్పాడు. ఊళ్లో కట్ట ఉంది, లైబ్రరీ లేదు. క్లాసులు లేవు. మెయిన్స్‌కి అర్థమెటిక్ చెప్పేవాళ్లు లేరు. నలుగురూ కలిసి చదివే గది లేదు, ఎవడికి ఏ బిట్టు తెలిసిందో చెప్పుకునే చాయ్ కొట్టు లేదు. అశోక్‌నగర్‌లో అవన్నీ ఉన్నాయి, పరిగెత్తే నేల లేదు. ఒకే పరీక్షలో సగం ఊళ్లో దొరుకుతుంది, సగం పట్నంలో దొరుకుతుంది. మధ్యలో నూటముప్పై కిలోమీటర్ల బస్సు చార్జీ. ఎంతమంది పిల్లలు ఆ రెండు సగాల మధ్య తిరుగుతున్నారో మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో ఏ పండగ ముందు రాత్రి చూసినా తెలుస్తుంది. వీపున బ్యాగు, బ్యాగుకి బయట తాడుతో కట్టిన బూట్లు.

తిరిగొచ్చాక ఎన్టీఆర్ స్టేడియం. మన పుస్తకాల జనానికి ఆ పేరు చెప్తే బుక్ ఫెయిర్ గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో అది ఉత్త నేల, ఇందిరాపార్కుకి ఎదురుగా. ఆ నవంబరులో తెల్లవారుజామున అక్కడికి వెళ్తే చీకట్లో అడుగుల చప్పుడు ముందు వినపడేది, మనుషులు తర్వాత కనపడేవాళ్లు. అశోక్‌నగర్, గాంధీనగర్, చిక్కడపల్లి హాస్టళ్ల పిల్లలు. కొందరికి బూట్లు, కొందరికి మామూలు చెప్పులు, కొందరు ఉత్త కాళ్లు. ఎవరో ఒకరి ఫోన్లో స్టాప్‌వాచ్, అందరికీ అదే. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని పరిగెత్తే అమ్మాయిలు గుంపుగా వచ్చేవాళ్లు, గుంపుగానే వెళ్లేవాళ్లు. చీకటి వీధుల్లో ఒక్కదాన్నే పరిగెత్తేటప్పుడు నేను పాటించే జాగ్రత్తలు కొన్నున్నాయి. చెవుల్లో పాటలు పెట్టుకోకపోవడం, వరసగా రెండు రోజులు ఒకే సందులోంచి వెళ్లకపోవడం, ముందు ఏ గేటు తెరిచి ఉందో చూసుకుంటూ పోవడం. ఆ పిల్లలకి అవేవీ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. గుంపే వాళ్ల జాగ్రత్త.

వాళ్లలో ఒకమ్మాయి ఒకరోజు నా పక్కన నడుస్తూ, నా వాచీ చూసి అడిగింది.

"అక్కా, మీది ఏ పోస్టు? సివిలా, ఏఆరా?"

"ఏ పోస్టూ కాదు. ఊరికే."

"ఊరికేనా?" అని ఆగిపోయింది. వెక్కిరింపు కాదది. నిజంగానే ఆశ్చర్యపోయింది. తర్వాత నవ్వి, "మంచిగుంది అక్కా. నౌకరొచ్చినంక నేను గూడ ఊరికే ఉరుకుత" అని వెళ్లి గుంపులో కలిసింది.

నేను చదివిన పరుగు పుస్తకాల్లో, వ్యాసాల్లో ఈ 'ఊరికే' చుట్టూ ఎంతో తత్వం ఉంటుంది. ధ్యానమనీ, స్వేచ్ఛ అనీ, మనతో మనం గడిపే సమయమనీ. అవన్నీ అబద్ధాలని అనను, నాకూ అనుభవమే. కానీ ఆ గ్రౌండులో ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక దాని బరువు తెలిసింది. ఊరికే పరిగెత్తాలంటే ముందు ఉద్యోగం రావాలి. ఆ పిల్ల లెక్క అంత సూటిగా ఉంది.

వాడి టైము నెమ్మదిగా దిగుతూ వచ్చింది. మొదటి రోజు 7 నిమిషాల 52 సెకన్లు. నవంబరు మధ్యకి 7:31. నాలుగు వందల మీటర్లు 1 నిమిషం 48 సెకన్లలో దాటాలి, అలా నాలుగుసార్లు. మూడో నాలుగొందల దగ్గర ప్రతిసారీ కూలబడేవాడు. "మూడోది దొంగ అక్కా. మొదటి రెండిట్ల దాచుకున్నదంత గుంజుకపోతది."

డిసెంబరు మొదలైంది. 8 నుంచి పరీక్షలు, వాడికి నెల మూడో వారంలో నల్లగొండలో. ఇంకో పది రోజులుందనగా ఒక పొద్దున గ్రౌండులోకి లారీలు వచ్చి ఉన్నాయి. వెదురు బొంగులు, రేకులు, తివాచీ చుట్టలు. బుక్ ఫెయిర్ షెడ్లు వేస్తున్నారు. ప్రతి ఏడాది నేను రోజులు లెక్కపెట్టుకుని ఎదురుచూసే బుక్ ఫెయిర్. పిల్లలందరూ గేటు దగ్గర కాసేపు నిలబడి, మాట్లాడుకోకుండానే వెనక్కి తిరిగారు. బుక్ ఫెయిర్ తప్పేం లేదు, ఇంకోచోట అంత నేల దానికీ దొరకదు. ఊళ్లో మిగిలిన కాస్త ఖాళీ నేలని పుస్తకాలూ పరుగూ మీటింగులూ వంతులేసుకుని వాడుకోవాలి. ఆ డిసెంబరులో వంతు పుస్తకాలది.

ఇంటికి నడిచొస్తుంటే వాడే అన్నాడు. "అక్కా, ఈడ గూడ ఒక కట్ట ఉంది గదా."

ట్యాంక్‌బండ్ అని మనం ఎంత అలవాటుగా అనేస్తామంటే అందులో కట్ట అన్న మాట వినపడదు. కాలువ కట్ట మీద పెరిగినవాడికి వినపడింది. హైదరాబాద్ పుట్టకముందే, 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు కట్ట. నీటిని ఆపాలంటే కట్ట పైభాగం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఎత్తులో ఉండాలి, ఒక చోట తగ్గినా అక్కణ్ణుంచే పొంగుతుంది. కింద దోమలగూడ ఎంత పల్లమైనా, ఆ పల్లాన్ని కాపాడే కట్ట చదునుగానే ఉండి తీరాలి. 1600 మీటర్లు సాఫుగా ఉన్న చోటు మా ఇంటి నుంచి పావుగంట నడక దూరంలో నాలుగున్నర శతాబ్దాలుగా ఉంది. ప్రతి ఆదివారం దాని మీద నుంచే వెళ్తున్నాను. 1600 కోసం వెతికే కళ్లు కావాల్సొచ్చాయి.

నా వాచీతో కొలిచాం. ఒక లైటు స్తంభం దగ్గర ఇటుక ముక్కతో గీత, అక్కణ్ణుంచి నాలుగొందలకి ఒక గీత, ఎనిమిదొందలకి ఇంకోటి. పోయి రావాలి. మేము మొదలుపెట్టిన చోటు నుంచి ఎనిమిదొందల మలుపు గుర్రం జాషువా విగ్రహానికి కాస్త ఇవతల పడింది. ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టించిన ఆ విగ్రహాల వరస మనకి తెలుగు సాహిత్యపు సిలబస్. అందులో కొన్నిటిని 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు కూల్చారు, తర్వాత మళ్లీ నిలబెట్టారు. వాడికి మాత్రం అవి దూరం కొలిచే రాళ్లు. "ఇయ్యాల పెద్దమనిషి కాడికి మూడు ముప్పై అయిదుల వోయిన" అనేవాడు. ఎవరా పెద్దమనిషి అంటే, "గదే, నువ్వు పద్యాలు చెప్పినవు గదా, ఆయన." నేను స్కూటీ మీద పక్కనే రోడ్డు వారగా, ఎడమ చేత్తో ఫోను పట్టుకుని సెకన్లు అరుస్తూ వెళ్లేదాన్ని. డిసెంబరు చలి, సాగర్ వాసన, ఆవలి ఒడ్డున దీపాలు. రెండో రోజుకి గ్రౌండు పిల్లలు ఇంకో ఆరుగురు వచ్చి చేరారు. నాలుగో రోజుకి పదిహేను మంది. నా గొంతు పోయింది.

నల్లగొండలో వాడు 7 నిమిషాల లోపే పూర్తి చేశాడు. ఫోన్లో ఏడుస్తున్నాడో రొప్పుతున్నాడో తెలియలేదు. "కట్ట పని జేసింది అక్కా" అన్నాడు.

కథ ఇక్కడ ఆపేస్తే బావుండేది. 2023 ఏప్రిల్ 30న ఫైనల్ పరీక్ష, అక్టోబరు 4న ఫలితాలు. లిస్టులో వాడి నంబరు లేదు. కటాఫ్‌కి కొద్దిలో పోయింది. పరుగు అర్హత మాత్రమే, ఉద్యోగం తేల్చేది మార్కులు. ఆ నడుమ ఆగస్టు 19న స్టీల్ బ్రిడ్జి తెరిచారు. ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా 2.25 కిలోమీటర్లు. వీఎస్‌టీ కార్మిక నాయకుడూ తెలంగాణ తొలి హోంమంత్రీ అయిన నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. దాని కింద నిలబడి లెక్కేసుకున్నాను, 1600 మీటర్లు హాయిగా పట్టేస్తాయి. కానీ అది బండ్లది.

అదే అక్టోబరులో అశోక్‌నగర్‌లో గ్రూప్-2 రాయాల్సిన ఒక అమ్మాయి హాస్టల్ గదిలో చనిపోయింది. ఆ రాత్రి పిల్లలు రోడ్డు మీదికి వచ్చారు. ఏడాది తర్వాత, 2024 అక్టోబరులో, గ్రూప్-1 మెయిన్స్ ఆపమని మళ్లీ వచ్చారు. ఆ రెండో ఏడాది ఒక సాయంత్రం నేను కూరగాయలకి వెళ్లి ఇరుక్కుపోయాను. సందులోంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు, వెనక లాఠీలతో పోలీసులు. ఒక జిరాక్సు షాపాయన షట్టరు సగం దించి నన్ను లోపలికి లాగాడు. షట్టరు కింద నుంచి కాళ్లు మాత్రమే కనిపించాయి. ముందు స్పోర్ట్స్ బూట్లు, వెనక ఖాకీ బూట్లు. పోలీసుల్లో కొందరు ఇక్కడే చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు అయ్యుండొచ్చు. అయితే వాళ్లూ ఇదే లైబ్రరీ లైన్లో బ్యాగు పెట్టినవాళ్లే, ఇదే చీకట్లో సెకన్ల కోసం పరిగెత్తినవాళ్లే. రెండు జతల బూట్లూ ఒకే వేగంతో వెళ్లాయి. ఆ వేగం ఎంతో నాకు కచ్చితంగా తెలుసు.

మా తమ్ముడు ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాడు. వయసు ఇంకా ఉంది, ఇంకో నోటిఫికేషన్ పడితే రాస్తానంటాడు. ఊళ్లో పిల్లలు కొందరు తయారవుతున్నారట, ఆదివారాలు కాలువ కట్ట మీద వాళ్లకి టైము పడుతున్నాడు. "నీ లెక్కనే ఒర్రుతున్న అక్కా" అన్నాడు మొన్న ఫోన్లో. నువ్వు కూడా పరిగెత్తుతున్నావా అని అడిగాను. పరిగెత్తుతున్నానన్నాడు. దేనికి అని అడగలేదు.

నా రూట్లు మూడు ఉండేవి, నాలుగయ్యాయి. వారంలో రెండు రోజులు ట్యాంక్‌బండ్ మీద పోను ఎనిమిదొందలు, రాను ఎనిమిదొందలు. నా టైము పది నిమిషాల దగ్గర తచ్చాడుతోంది, తగ్గే సూచనలు లేవు. మా ఇటుక గీతలు ఆ మరుసటి వానలకే పోయాయి. అయితే ఈ మధ్య జాషువా విగ్రహం దగ్గర ఫుట్‌పాత్ అంచు మీద ఎవరో తెల్ల పెయింటుతో '800' అని రాశారు. పక్కన ఒక బాణం గుర్తు, వెనక్కి తిరగమని. మా గీత ఉన్న చోటుకి పది అడుగుల అవతల ఉందది. ఎవరి వాచీ కరెక్టో నాకు తెలీదు. పెయింటు కాబట్టి వాళ్ల దగ్గరే తిరుగుతున్నాను.